సింహళం అరిగితే సిలోన్: ఒక దీవి పేర్ల కథ

శ్రీలంక నుంచి వచ్చే టీ ప్యాకెట్ మీద కత్తి పట్టుకున్న సింహం ముద్ర ఉంటుంది. దాని కింద 'ప్యూర్ సిలోన్ టీ, ప్యాక్డ్ ఇన్ శ్రీలంక' అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఆకు సిలోన్‌ది, ప్యాక్ చేసింది శ్రీలంకలో. ఒకే దేశానికి రెండు పేర్లు ఒకే ముద్రలో ఇమిడిపోయాయి. సిలోన్ తెల్లవాళ్లు పెట్టిన పేరని, శ్రీలంక సొంత పేరని, 1972లో ఒకటి పోయి ఇంకోటి వచ్చిందని చాలామంది అనుకుంటారు. తేదీ వరకు అది నిజమే. ఆ ఏడాది మే 22న ఆ దేశం రిపబ్లిక్ అయింది, అధికారికంగా శ్రీలంక అయింది. కానీ సిలోన్ పరాయి పేరన్న మాట మాత్రం నిలవదు. ఆ ముద్రలో సింహం బొమ్మ, సిలోన్ అనే మాట రెండూ చెప్పేది ఒకటే. సిలోన్ అన్నా సింహమే.

అది ఎలాగో తెలియాలంటే ముందు అంతకన్నా పాత పేరు దగ్గరికి వెళ్లాలి. అశోకుడి శాసనాల్లో దక్షిణాది రాజ్యాల వరుస ఒకటి ఉంది. చోళులు, పాండ్యులు, సత్యపుత్రులు, కేరళపుత్రులు, ఆ తర్వాత 'తంబపంణి'. ఇది రెండో శిలాశాసనంలోని మాట. ఆ శాసనాల ప్రతి ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. అంటే క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఈ పేరు తెలుగు నేల మీద రాతికెక్కింది. సంస్కృతంలో తామ్రపర్ణి, పాళీలో తంబపణ్ణి. తిరునెల్వేలి వైపు పారే నది పేరు కూడా తామ్రపర్ణే కాబట్టి అశోకుడు చెప్పింది నదీ తీరాన్నా, దీవినా అన్న వాదన పాతదే. అయితే మౌర్యుల కొలువులో రాయబారిగా ఉన్న మెగస్తనీసు ఈ దీవిని తప్రోబనె అన్నాడు. అది తంబపణ్ణిని గ్రీకు నాలుక పలికిన తీరే.

ఆ పేరుకు సింహళ బౌద్ధుల చరిత్ర గ్రంథం మహావంశం ఒక కథ చెబుతుంది. ఆ దీవికి మొదటి రాజుగా ఆ గ్రంథం చెప్పే విజయుడు, అతని మనుషులు ఓడ దిగి, అలసిపోయి చేతులు నేలకు ఆనించి కూర్చున్నారట. ఆ ఎర్రమట్టి అంటుకుని అరచేతులు రాగిరంగుకు తిరిగాయట. తంబ అంటే రాగి, పాణి అంటే చెయ్యి. కథ ముచ్చటగానే ఉంది కానీ పేరులో ఉన్నది పణ్ణి, అంటే పర్ణి. ఆకుకు సంబంధించిన మాట అది, చేతిది కాదు. పేరు ముందు ఉండి, దాని అర్థం మరుగున పడ్డాక పుట్టే కథలు ఇలాగే ఉంటాయి. మన ఊళ్ల స్థలపురాణాలు చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

గ్రీకుల తప్రోబనె తర్వాత పెద్ద ప్రయాణమే చేసింది. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ ఆ దీవిని అసలు కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా లెక్కగట్టాడు. వాస్తవానికి దాని విస్తీర్ణం సుమారు 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కన్నా కాస్త ఎక్కువ. కాగితం మీద పేరు అంత పెద్దదయ్యేసరికి, దానికి తగ్గ భూమి కోసం 15వ శతాబ్దపు యాత్రికుడు నికొలో కొంతి సుమత్రాను తప్రోబన అన్నాడు. చాలాకాలం యూరప్ పటాల్లో ఆ పేరు ఈ రెండు దీవుల మధ్య ఊగిసలాడింది.

ఇక రెండో పేరు సింహళం. అది తెలుగు నేలకు ఎంత దగ్గరగా వచ్చిందో నాగార్జునకొండ శాసనం చూస్తే తెలుస్తుంది. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి తన దానాలన్నీ ప్రాకృతంలో చెక్కించింది. కశ్మీర, గంధార, చీన, తోసలి, వంగ, దమిళ మొదలైన దేశాల్లో ధర్మాన్ని వ్యాపింపజేసిన తంబపంణి భిక్షువుల కోసం ఆ కట్టడం అని ఉంది. దీవిని 'తంబపంణి దీప' అన్నారు. అదే శాసనంలో, ఆమె చేసిన మిగతా దానాల జాబితాలో, 'సీహళ విహారం' అని ఇంకో మాట వస్తుంది. అక్కడ బోధివృక్షానికి ఒక ఆలయం కట్టించిందట.

ఒకే శాసనంలో, ఒకే దీవికి, రెండు పేర్లు! దాన్ని చెక్కినవాళ్లకు ఇందులో గందరగోళం ఏమీ కనిపించలేదు. బహుశా తంబపంణి దేశానికి, సీహళ అక్కడి మనుషులకు పేరుగా వాడి ఉంటారు. ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఆ కొండ కూడా ఒక దీవే అయిపోయింది. ఆ విహారాలున్న లోయ నీట మునిగింది. దీవి పేరు చెక్కిన చోటే దీవిగా మారడం తలచుకుంటే మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

సీహళ సంస్కృతంలో సింహళ. విజయుడి తండ్రి సింహబాహువు సింహాన్ని చంపాడని, అందుకే ఆ వంశానికి ఆ పేరు వచ్చిందని మహావంశం అంటుంది. దీవిలో చరిత్ర కాలంలో సింహాలు ఉన్న దాఖలా లేదు. చాలా పురాతన కాలపు సింహానివని గుర్తించిన పళ్లు మాత్రం తవ్వకాల్లో దొరికాయి. అయినా పేరు అందరికీ నచ్చింది. 5వ శతాబ్దంలో అక్కడ రెండేళ్లు గడిపిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ధ్వనిని వదిలేసి అర్థాన్ని పట్టుకున్నాడు. ఆ దేశాన్ని 'షిజి గువో', అంటే సింహాల దేశం అని రాశాడు. (అడవి సింహం లేని సింగపూర్ కూడా పేరుకు సింహపురమే.)

ఈ మాటకు వెనక ద్వీపం చేర్చితే సింహళద్వీపం, ప్రాకృతంలో సీహళదీవ. ద్వీపం అరిగి దీప, దీవ అయింది. తెలుగులో దీవి, దివిసీమలోని దివి, అన్నీ ఆ కోవలోవే. మాల్దీవుల చివర ఉన్నదీ అదే. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన వ్యాపారి కాస్మస్ ఈ దీవిని భారతీయులు 'సియెలెదిబ' అంటారని, గ్రీకులు తప్రోబనె అంటారని స్పష్టంగా రాశాడు. సీహళలోని హ జారిపోయి సియెల అయింది, దీవ దిబ అయింది. అంతకు 2 శతాబ్దాల ముందే రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ అదే మాటను 'సెరెందివి' అని రాశాడు. ఇక్కడ ల వచ్చి ర అయింది. 'రలయోరభేదః' అన్నారు కదా మన వ్యాకరణ పండితులు, ర, ల లకు భేదం లేదని. ఆ సూత్రం సముద్రం మీద కూడా పనిచేసింది. అరబ్ నావికుల నోట్లో అది సరందీబ్‌గా స్థిరపడింది. అరబ్బీలో ప ధ్వని గానీ, ఇంగ్లిష్ v లాంటి ధ్వని గానీ లేదు కాబట్టి దీప అయినా దీవ అయినా చివరికి దీబ్ అయింది.

ఈ సరందీబ్ నుంచి ఇంగ్లిష్‌కు ఊహించని కానుక ఒకటి అందింది. సెరెందిప్ రాజకుమారులు ముగ్గురి గురించి ఒక పాత పర్షియన్ కథ ఉంది. వాళ్లు వెతకని సంగతులు వాళ్లకు దారిలో తారసపడుతూ ఉంటాయి. ఇంగ్లండ్ రచయిత హొరేస్ వాల్‌పోల్ 1754 జనవరి 28న ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, అనుకోకుండా మంచి దొరకడానికి ఆ కథ పేరు మీద 'సెరెండిపిటీ' అనే మాట కల్పించాడు. పెన్సిలిన్ ఎలా దొరికిందో చెప్పేటప్పుడు సైన్స్ పాఠాల్లో ఇప్పుడు ఆ మాట వినిపిస్తుంది. అందులో సింహమూ ఉంది, దీవీ ఉంది. పలికేవాళ్లలో నూటికి తొంభై మందికి అది తట్టదు.

అరబ్బులు, పర్షియన్లు ఇంకో పొట్టి రూపం కూడా వాడారు. చివరి దీవి తీసేసి ఉత్త సైలాన్ అన్నారు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో దాన్ని సెయిలన్ అన్నాడు. 1505లో పోర్చుగీసులు దిగి సెయిలావ్ అన్నారు. వాళ్ల తర్వాత డచ్చివాళ్లు జెయిలన్ అన్నారు. 1796లో ఇంగ్లిష్‌వాళ్లు వచ్చేనాటికి సిలోన్ సిద్ధంగా ఉంది. సింహళ, సీహళ, సీల, సైలాన్, సెయిలావ్, సిలోన్. వరసలో ఏ రెండు పక్కపక్క మాటలు చూసినా తేడా వెంట్రుకవాసి. మొదటిదీ చివరిదీ పక్కన పెడితే మాత్రం చుట్టరికం కనిపించదు. పరాయి పాలన పేరుగా తీసేసిన మాట అక్షరాలా సింహళం అనే మాటే. ఊరి పిల్లవాడు దేశాలు తిరిగి గడ్డం పెంచుకుని వస్తే సొంతవాళ్లే గుర్తుపట్టనట్టయింది.

పాత రూపం పూర్తిగా పోయిందీ లేదు. మొక్కల శాస్త్రీయ నామాల్లో భద్రంగా ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1747లో ఆ దీవి మొక్కల మీదే ఒక పుస్తకం వేశాడు. మన చిత్రమూలం శాస్త్రీయ నామం ప్లంబాగో జెయ్‌లానికా. దాల్చినచెక్కకు చాలాకాలం వాడిన పేరు సిన్నమోమం జెయ్‌లానికం. ఇలాంటి నామాలు రాజ్యాంగాలు మారినప్పుడు మారవు. మొదట ప్రచురించిన పేరుకే పెద్దపీట వేయడం ఆ శాస్త్రపు నియమం.

తెలుగువాళ్లకు ఈ దీవి ఎక్కువకాలం సింహళమే. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయ్య శెట్టి ఎక్కడెక్కడి సరుకులు తెప్పించాడో చెప్పే పద్యం ప్రసిద్ధం. అందులో ఏనుగులు వచ్చింది సింహళం నుంచే. సిలోన్ అన్న మాట ఇంటింటికీ తెచ్చింది మాత్రం రేడియో. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను పక్కన పెట్టినప్పుడు జనం మీట తిప్పుకున్నది రేడియో సిలోన్ వైపే. ఆ తరానికి సిలోన్ అంటే దేశం కన్నా ముందు పాట గుర్తొస్తుంది.

ఇక లంక. ఈ మాట దగ్గర తెలుగువాడికి మిగతా ప్రపంచానికి లేని చనువు ఉంది. వేరే చాలా భాషల్లో లంక ఒక చోటి పేరు. తెలుగులో అది మామూలు నామవాచకం. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. వరద తెచ్చిన ఒండ్రు నది మధ్య పేరుకుని, కొన్నేళ్లకు గడ్డి మొలిచి, ఆ తర్వాత అరటి, కూరగాయలు, పొగాకు పండే నేల అవుతుంది. అదే లంక. బొబ్బర్లంక, ఎదుర్లంక, ఊడిమూడిలంక, కనకాయలంక, కృష్ణ వైపు పెసర్లంక. కొల్లేరులో ఉన్నవి కూడా లంక గ్రామాలే. ఆ ఒండ్రులో పండిన పొగాకుతో చుట్టినవి లంక చుట్టలు. వరద వస్తే వార్తల్లో 'లంకలు నీట మునిగాయి' అంటారు. ఆ మాట వింటే అక్కడివాళ్లకు రావణుడు గుర్తుకు రాడు. పశువులను ఎటు తోలాలి, పడవ ఎప్పుడు వస్తుంది అన్న టెన్షన్ మొదలవుతుంది.

సామెతల్లో ఈ రెండు లంకలూ విడివిడిగా బతుకుతున్నాయి. 'లంక మేత, గోదావరి ఈత' నది లంక. మేసిందంతా ఈతకే ఖర్చయ్యే పశువు గోడు అది. 'లంకలో పుట్టినవాళ్లంతా రాక్షసులే' అన్నది రామాయణ లంక. 'లంకంత ఇల్లు' కూడా ఆ లంకే. మాట ఒకటే అయినా ఒకచోట చిన్న ఇసుకమేట, ఇంకోచోట బంగారు నగరం.

ఈ మాట మూలం ద్రావిడమా, ముండా భాషలదా అన్న దాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కానీ నది మధ్య మెట్ట అనే అర్థం ఉండటం పెద్ద చర్చకే దారితీసింది. వాల్మీకి చెప్పిన లంక మధ్యభారతంలోనే ఎక్కడో ఉండేదని పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా వాదించారు. ఆ వాదన ఒప్పుకున్నా లేకున్నా, పాత గ్రంథాల్లో లంక, సింహళం వేర్వేరుగా కనిపించే మాట నిజం. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దక్షిణ దేశాల జాబితా ఇస్తూ రెండింటినీ విడివిడిగా పేర్కొన్నాడు. మహాభారతంలో ధర్మరాజు రాజసూయానికి ముత్యాలు, శంఖాలు తెచ్చినవాళ్లు సింహళులు. ఇక ఖగోళ సిద్ధాంతాల్లో లంక అంటే ఉజ్జయిని మీదుగా పోయే మధ్యాహ్న రేఖ భూమధ్యరేఖను తాకే బిందువు. పటంలో చూస్తే అక్కడ ఉన్నది సముద్రమే. ఇప్పటి శ్రీలంక దానికి తూర్పుగా, భూమధ్యరేఖకు సుమారు 6 నుంచి 10 డిగ్రీలు ఉత్తరంగా ఉంది.

అలాగని ఆ దీవివాళ్లు 1972లో రామాయణం నుంచి పేరు అరువు తెచ్చుకున్నారనడం తప్పు. దీపవంశం, మహావంశం నాటికే వాళ్లకు తమ దేశం లంకాదీపం. సింహళ భాషలో లంక 'లక్' అయింది, దీవి చేరి 'లక్‌దివ' అయింది. స్వాతంత్ర్యానికి ముందే 1935లో లంకా సమ సమాజ పార్టీ పుట్టింది. 1951లో శ్రీలంకా ఫ్రీడం పార్టీ వచ్చింది. అప్పటికి దేశం పేరు ఇంకా సిలోనే. 1961లో జాతీయగీతం మొదటి మాటలను 'నమో నమో మాతా' నుంచి 'శ్రీలంకా మాతా'గా మార్చారు. అంటే చట్టం కన్నా ముందే ఆ పేరు జనం నోట్లో ఉంది. ఫ్రీడం పార్టీ నాయకురాలు సిరిమావో బండారనాయకే ప్రధానిగా ఉన్నప్పుడు చట్టం దానికి ముద్ర వేసింది.

మరి ముందు చేరిన 'శ్రీ' సంగతి? వినేవాళ్లకు అది మర్యాద వాచకంలాగే అనిపిస్తుంది. అక్కడి తమిళులకు మాత్రం ఆ అక్షరంతో చేదు జ్ఞాపకాలున్నాయి. 1950ల చివర వాహనాల నంబర్ ప్లేట్ల మీద సింహళ లిపిలో శ్రీ రాయాలన్న నియమం వచ్చింది. తమిళ పార్టీలు దాన్ని వ్యతిరేకించాయి, ఆందోళనకారులు ఆ అక్షరం మీద తారు పూశారు. సింహళుల వైపు నుంచి తమిళ బోర్డులకు తారు పూయడమూ జరిగింది. 1958 అల్లర్ల ముందు వాతావరణాన్ని వేడెక్కించిన గొడవల్లో అదొకటి. ఒక్క అక్షరానికి అంత బరువు ఎలా వచ్చిందంటే, అది ఎవరి లిపిలో ఉందన్న ప్రశ్న వల్లే.

తమిళంలో ఈ దీవి పేరు ఇలంగై. పాత తమిళంలో మాట ర, ల లతో మొదలుకాదు. అందుకే రాముడు ఇరామన్ అయ్యాడు, లంక ఇలంగై అయింది. ఇంకో పేరు ఈళం. సంగం కాలపు తమిళ కావ్యం పట్టినప్పాలైలో కావేరిపట్టణం రేవులో దిగిన సరుకుల్లో ఈళం నుంచి వచ్చిన ఆహారం ఉంది. మదురై దగ్గర తిరుప్పరంకుండ్రం గుహలోని తమిళ బ్రాహ్మీ శాసనంలో ఈళం నుంచి వచ్చిన ఒక గృహస్థు ప్రస్తావన ఉంది. ఈ ఈళం ఎక్కడిది? సీహళలో హ జారి సీళ అయి, తమిళంలో మొదటి స కూడా రాలిపోయి ఈళం అయిందని కొందరు భాషావేత్తలు చెబుతారు. కాదు, అది అచ్చమైన ద్రావిడ పదమని మరికొందరు గట్టిగా అంటారు. మొదటి మాటే నిజమైతే, ప్రత్యేక ఈళం కోసం పోరాడినవాళ్ల పేరు, వాళ్లు ఎవరితో పోరాడారో ఆ సింహళుల పేరు ఒకే మాట రెండు ముక్కలు. 2009లో ముగిసిన ఆ యుద్ధంలో ఎంతమంది ప్రాణాలు పోయాయో తలచుకుంటే, ఈ పదచర్చ ఎందుకు అంత తీవ్రంగా సాగుతుందో అర్థమవుతుంది. దాన్ని వట్టి నిఘంటువు గొడవగా కొట్టిపారేయడం అన్యాయం.

తెలుగు పత్రికలు కూడా ఇక్కడ ఒకటి ఆలోచించుకోవాలి. క్రికెట్‌లో మన జట్టు గెలిచిన మర్నాడు 'లంకా దహనం' అని పెద్ద అక్షరాల్లో కనిపించడం మామూలైపోయింది. ఆటవరకు సరదాగానే అనిపించవచ్చు. కానీ ఆ మాటలో అవతలివాళ్లు రాక్షసులైపోతారు, వాళ్ల ఊరు తగలబడాల్సిన ఊరైపోతుంది. 1983లో కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు నిజంగానే తగలబడ్డాయి. అలాంటి దేశం గురించి రాసేటప్పుడు శీర్షికకు ఇంకో మాట దొరక్కపోదు.

సిలోన్‌ను ప్రభుత్వ సంస్థల పేర్లలోంచి కూడా తీసేయాలని 2011లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. అయినా బ్యాంక్ ఆఫ్ సిలోన్ అదే పేరుతో నడుస్తోంది. టీ వ్యాపారులైతే ఆ పేరు వదులుకునే ప్రసక్తే లేదు. ప్రపంచ మార్కెట్‌లో 'సిలోన్' అన్న మాటకే ధర పలుకుతుంది.

శ్రీలంక రూపాయి నోటు చేతిలోకి తీసుకుంటే మూడు లిపుల్లో బ్యాంకు పేరు కనిపిస్తుంది. సింహళంలో 'శ్రీ లంకా మహ బ్యాంకువ'. ఇంగ్లిష్‌లో 'సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ శ్రీలంక'. తమిళంలో 'ఇలంగై మత్తియ వంగి'. మూడో వరసలో శ్రీ లేదు. ఇ తో మొదలయ్యే ఆ పాత పేరే ఉంది.